ఫారం నంబరు పదిహేడు

మా కంపెనీలో కాగితాన్ని చంపింది నేనే. ఈ మాట ఒప్పుకోవడానికి కూడా మా దగ్గర ఒక ఫారం ఉండాలి. అది ఇంకా తయారు కాలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నా పేరు భానుమూర్తి. విశాఖపట్నానికి అరగంట దూరంలో ఇనుప దూలాలూ, వంతెనల ముక్కలూ తయారుచేసే కర్మాగారంలో కంప్యూటర్ల విభాగానికి అసిస్టెంటు మేనేజర్ని. కంపెనీ పేరు చెప్పను. చెబితే మీరు నవ్వుతారు, నా ఉద్యోగం పోతుంది. మొదటిది భరించగలను. విభాగం అంటే మరీ పెద్దగా ఊహించుకోకండి. నేనూ, ఒక గదీ, ఎప్పుడూ వేడెక్కే ఒక యంత్రమూ, దానికి విసరడానికి ఒక నిలువు ఫ్యానూ.

నిరుడు ఫిబ్రవరిలో నన్ను బెంగుళూరుకి రెండు రోజుల శిక్షణకి పంపారు. ‘కాగితం లేని కార్యాలయం’ అని దాని పేరు. వస్తూ వస్తూ నాలుగు కిలోల కాగితాలు మోసుకొచ్చాను. దిగిన రోజునే పూనకం వచ్చినవాడిలా జనరల్ మేనేజర్ చక్రధరరావు గారి ఎదుట నిలబడి, ఇనుప బీరువాలో మూలుగుతున్న డెబ్బై నాలుగు రకాల ఫారాలనూ అవతల పారేద్దామనీ, ఎవరి ఫారం వాళ్ళు ఇంట్రానెట్‌లో నింపుకుంటారనీ చెప్పాను. ఇంట్రానెట్ అంటే కంపెనీ గోడల లోపల మాత్రమే తిరిగే ఇంటర్నెట్టు. అప్పటికి మా దాంట్లో ఉన్నవి రెండే: చైర్మన్ గారి ఫోటో, క్యాంటీన్ మెనూ. మెనూ మూడేళ్ళ నాటిది. ఫోటో ఇంకా పాతది.

“భానుమూర్తీ, ఇది ఫారాల మార్పు కాదయ్యా, సంస్థాగత పరివర్తన!” అన్నారు చక్రధరరావు గారు. ఆయనకు మాట ఎంత పొడుగ్గా ఉంటే పని అంత జరిగినట్టు.

సర్క్యులర్ నన్నే రాయమన్నారు. రాశాను. “ఉగాది పర్వదినము మొదలుకొని సంస్థయందు కాగితపు ఫారములు సమూలముగా రద్దు చేయడమైనది. తెల్లకాగితముపై వ్రాసిన అర్జీలు గాని, నోటిమాటలు గాని చెల్లవు. ఉద్యోగులు తమ సమస్త విన్నపములను ఎలక్ట్రానిక్ విధానమున మాత్రమే సమర్పించవలెను.” దీన్ని ఇంట్రానెట్‌లో పెట్టడానికి చోటు లేక, ఆరువందల కాగితాల మీద అచ్చేయించి గోడలకు అంటించాం.

ఫారాలు తయారయ్యాక పాతవి రద్దు చేద్దామా, రద్దు చేశాక కొత్తవి తయారు చేద్దామా అన్న అనుమానం నాకొకసారి వచ్చింది. కానీ ముందు రద్దు చేస్తే ఒత్తిడి పుడుతుందనీ, ఒత్తిడి ఉంటేనే పని జరుగుతుందనీ బెంగుళూరులో చెప్పారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఉగాది మర్నాడు బీరువాకు తాళం వేసి, తాళానికి లక్క సీలు కొట్టించాం.

మూడో రోజున గవరయ్య వచ్చాడు. దూలాల షెడ్డులో నలభై అడుగుల ఎత్తున క్రేను నడిపే మనిషి. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, ఫ్యాను ముందు నిలబడి చెమట తుడుచుకున్నాడు.

“బాబూ, పదేడో నెంబరు ఫారం ఒకటి ఇప్పించండి.”

పదిహేడో నంబరంటే ఆరోగ్య కారణాల మీద పని మార్చమని కోరే ఫారం.

“ఏమైంది గవరయ్యా?”

“ఎడం కంట్లో పొర వొచ్చీసింది బాబూ. సుగరు తగ్గితే గానీ ఆపరేసను సెయ్యరట. అందాకా క్రేను ఎక్కొద్దన్నాడు డాట్రు. ఒంటికన్నుతో పైనుంచి సూస్తే కింద ఎంత లోతో తెల్దట. నిజమే బాబూ, తెల్డం నేదు. నిన్న దూలం దింపినాను. నేలకి ఆనేసిందనుకున్నాను. ఇంకా ఇంతెత్తుందట.” మోకాలి దాకా చెయ్యి పెట్టి చూపించాడు.

“మీ ఫోర్‌మన్‌కి చెప్పలేదా?”

“సెప్పకేటి? దాలినాయుడు గారు మంచోరే. పదేడో నెంబరు తేరా, ఇప్పుడే కింద పనికి ఏసేస్తానన్నారు. నాకు ఏ పనైనా పరవానేదు బాబూ. కింద పన్నెండు మంది తిరుగుతుంటారు. ఆల్ల నెత్తిమీదే నా దూలం.”

“కాగితం ఫారాలు లేవు గవరయ్యా. కంప్యూటర్లో వచ్చేస్తుంది. ఒక్క వారం,” అన్నాను. ఎంత నమ్మకంగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఆ వారంలోనే ‘ఫారముల నిర్మాణ విధాన ఎంపిక సంఘం’ ఏర్పడింది. ఫారం తయారు చేయడానికి కాదు. ఎలా తయారు చేయాలో ఎంచుకోవడానికి.

దారులు మూడున్నాయి. ఒకటి, ఫారాలు తయారుచేసే సరుకును బయట ఏదో కంపెనీ నుంచి కొనడం. ఇది కొనుగోళ్ళ మేనేజరు పద్మనాభం గారి మతం. రెండోది, ఎక్సెల్ పట్టికలు మెయిల్లో పంపి నింపి తిరిగి పంపమనడం. ఇది సిబ్బంది వ్యవహారాలు చూసే వసుంధర గారిది. మూడోది, మొదటి అక్షరం నుంచీ సొంతంగా ప్రోగ్రాం రాసుకోవడం. ఇది నాది. నా దారే మంచిదన్న నమ్మకం నాకేమీ లేదు. అది రాయగలిగినవాణ్ణి కంపెనీలో నేనొక్కణ్ణే, అందుకని నచ్చింది.

“కాఫీ తాగాలంటే కాఫీ తోట వేస్తామా భానుమూర్తి గారూ?” అన్నారు పద్మనాభం గారు.

“కొన్న ఫారంలో మన సంస్థ ఆత్మ ఉండదండీ,” అన్నాను. ఫారానికి ఆత్మ ఉంటుందని నాకు ఆ క్షణం వరకూ తెలియదు.

“కావాల్సింది గడులే కదండీ?” అన్నారు వసుంధర గారు. “ఎక్సెల్ నిండా గడులే. ఇంకెన్ని కావాలి మీకు?”

అలా నాలుగు సమావేశాలు నడిచాయి. జీడిపప్పు బిస్కెట్లు అయిపోయి ఉప్పు బిస్కెట్లకు దిగాం. చివరికి చక్రధరరావు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. అంటే తీర్పు రాబోతోందని అర్థం.

“మనది భాగస్వామ్య స్ఫూర్తితో నడిచే సంస్థ. అన్ని విభాగాల అభిప్రాయాలూ సేకరించి, మెజారిటీని అనుసరించి ముందుకు పోదాం.”

“ఎలా సేకరిద్దామండీ?” అన్నాను.

“ఫారం ద్వారా.”

ఆ ఫారం ఎలా తయారు చేయాలి? నా పద్ధతిలో చేస్తే పక్షపాతం అన్నారు పద్మనాభం గారు. ఆయన పద్ధతిలో చేస్తే కొనకముందే కొన్నట్టవుతుందన్నాను నేను. న్యాయంగా ఉండాలని మూడు పద్ధతుల్లోనూ మూడు అభిప్రాయ ఫారాలు చేసి, ప్రతి ఉద్యోగీ మూడూ నింపాలని తీర్మానించాం. దీనికి ఆరు వారాలు పట్టింది.

ఫలితాలు ఇలా వచ్చాయి. నా ఫారంలో నా పద్ధతికి నూటికి తొంభై ఒకటి. జనానికి శ్రమ ఎందుకని ‘సొంతంగా వ్రాయుట’ అన్న గడిలో నేనే ముందుగా టిక్కు పెట్టి ఉంచాను లెండి. పద్మనాభం గారి నమూనా ఫారంలో ‘కొనుట’ తప్ప మిగతా రెండు గడులూ నొక్కితే నొక్కుడు పడలేదు. ఆయనకు నూటికి నూరు. వసుంధర గారి ఎక్సెల్ పట్టికలు మాత్రం ముప్ఫై ఎనిమిది ఆకారాల్లో తిరిగొచ్చాయి. ఒకదాంట్లో క్రికెట్ జట్టు జాబితా ఉంది. వాటిని కూడలేమని తేలింది కాబట్టి ఓడిపోలేదని ఆవిడ వాదించారు. ముగ్గురమూ గెలిచాం.

ఈ గెలుపుల మధ్య గవరయ్య ప్రతి సోమవారమూ వచ్చేవాడు. చెప్పులు విడిచి ఫ్యాను ముందు నిలబడి, “బాబూ, వొచ్చినాదా?” అనేవాడు. “ఇదిగో, వచ్చేస్తోంది,” అనేవాణ్ణి. కాస్త గాలి పోసుకుని, పోయి క్రేను ఎక్కేవాడు.

జూన్‌లో ఒకరోజు గవరయ్యకు బదులు ఫోర్‌మన్ దాలినాయుడు వచ్చాడు. గుమ్మంలోంచే మొదలుపెట్టాడు.

“నా స్కూటరు మీద దూలం పెట్టీసినాడు సార్. దిగి పది అడుగులు ఎయ్యనేదు నేను.”

“అయ్యో! గవరయ్యేనా?”

“ఆడి తప్పు కాదు సార్. ఆడికి అగుపడతం నేదు. కిందనించి ఈలలేసి, సేతులూపి నెట్టుకొత్తన్నాం. ఎన్నాల్లని ఊపుతాం? పదేడో నెంబరు ఎప్పుడిత్తారు సార్?”

“ఫారం సంగతి తర్వాత. నువ్వు నోటిమాట మీద దింపెయ్యకూడదూ?”

దాలినాయుడు నా వెనక గోడకేసి చూశాడు. అక్కడ సర్క్యులర్ అంటించి ఉంది. “నోటిమాటలు సెల్లవని మీరే రాసినారు కద సార్. రేపు ఏటైనా అయితే ఎవుడి మాట మీద మార్చినావురా అని నన్ను నిలబెడతారు. మొన్న పెద్దసారుని అడిగితే ఫారం పెట్టించమన్నారు.”

ఆ సాయంత్రం నాకు భోజనం సహించలేదు. సహించకపోయినా మర్నాడు సంఘానికి వెళ్ళాను. రాజీ కుదిరింది: లోపలి ప్రోగ్రాం నాది, పైన కనబడే గడులు కొన్నవి, చివర ఒక ఎక్సెల్ పట్టిక తోక. మొదటగా పదిహేడో నంబరే చేయాలని పట్టుబట్టాను. అంతవరకు నన్ను మెచ్చుకోండి. తర్వాతది వినకండి.

“పాత ఫారం సంప్రదాయం మాత్రం చెడకూడదు,” అన్నారు చక్రధరరావు గారు. పాత ఫారంలో ‘వర్తించనిది కొట్టివేయుము’ అని ఉండేది. కాబట్టి తెర మీద మౌస్‌తో గీత గీసి కొట్టేసే ఏర్పాటు చేశాను. తొమ్మిది రోజులు పట్టింది. పాత ఫారం మూడు ప్రతుల్లో ఇవ్వాలి. కాబట్టి ఇదీ మూడుసార్లు నింపాలి, మూడింట్లో ఎక్కడ కామా తేడా వచ్చినా వెనక్కి వస్తుంది. అడుగున ‘కార్యాలయ ఉపయోగార్థం మాత్రమే’ అన్న గడి ఉంది. కొన్న సరుకు అన్ని గడులనూ తప్పనిసరి చేసింది. అందులో రాస్తే ‘మీరిక్కడ వ్రాయరాదు’ అనేది, రాయకపోతే ‘వ్రాయనిదే ముందుకు పోరాదు’ అనేది. అందులో స్పేస్ బార్ అనే ఖాళీ మీట నొక్కితే రెండూ శాంతిస్తాయని నేనే కనిపెట్టి చాలా పొంగిపోయాను.

భద్రత కోసమని ఇంకొకటి కూడా పెట్టాను. ఫారం తెరుచుకునే ముందు ‘మీరు మనిషేనని నిరూపించుకోండి’ అంటూ వంకర టింకర ఇంగ్లీషు అక్షరాల బొమ్మ వస్తుంది. అవి చదివి కొడితేనే తలుపు తీస్తుంది. ఇది చూసి కంపెనీ డాక్టరు గారు ముచ్చటపడ్డారు.

“కంటి కేసులకు వేరే పరీక్ష ఎందుకండీ? ఈ అక్షరాలు మొదటిసారికే చదివినవాడు క్రేనేమిటి, విమానం నడపగలడు. అలాంటి అర్జీలు దానంతటదే తిరస్కరించేట్టు పెట్టండి.”

“అద్భుతమండీ!” అని పెట్టేశాను. చదవలేనివాడికి ఫారం తెరుచుకోదు, చదివినవాడికి మంజూరు కాదు. ఈ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి ఆలోచించే తీరిక నాకు ఆ రోజు లేదు. అదే వారంలో మళ్ళీ మళ్ళీ అర్జీ పెట్టి విసిగించేవాళ్ళ కోసం, ఒకే కారణంతో ఏడాదిలోపు రెండో అర్జీ పెట్టకూడదన్న నిబంధన కూడా చేర్చాను.

సెప్టెంబరు మొదటి సోమవారం గవరయ్యను నా కుర్చీలో కూర్చోబెట్టాను. చేతులు లాగుకు తుడుచుకుని మౌస్ పట్టుకున్నాడు. వంకర అక్షరాల బొమ్మ వచ్చింది.

“ఏటి బాబూ ఇయి? జెర్రులా?”

“అక్షరాలు గవరయ్యా. చదివి కొట్టాలి.”

“నాను తెలుగే కూడబలుక్కుని సదువుతాను. ఇంగిలీసు జెర్రులేటి సదువుతాను?”

ఐదు నెలల పాపం ఒక్క నిమిషంలో కడిగేసుకుందామనుకున్నాను. నేనే చదివి, నేనే కొట్టాను. మూడు ప్రతులూ దగ్గరుండి నింపించాను. గీత గీయించాను. ఖాళీ మీట నొక్కించాను. చివరి మీట గవరయ్య చేతే నొక్కించాను. మూడు సెకన్లలో జవాబొచ్చింది.

“మీ విన్నపము పరిష్కరింపబడినది. తెరపై అక్షరములను తొలి ప్రయత్నముననే చదివినందున మీ దృష్టి నిక్షేపముగా ఉన్నట్లు నిర్ధారించి, తిరస్కరించడమైనది. ధన్యవాదములు.”

“ఏటంటాది బాబూ?”

“నీ కళ్ళు బాగున్నాయంటోంది గవరయ్యా.”

“ఎవులు సూసినారు?” అన్నాడు. నేను తెర ఆర్పేశాను.

మళ్ళీ అర్జీ పెట్టిద్దామంటే ఏడాది ఆగాలి, ఆ నిబంధన నాదే. డాక్టరు గారి దగ్గరకు పరుగెత్తాను. “రికార్డు చూశానండీ,” అన్నారు ఆయన. “నాకే మూడుసార్లు తప్పు పడింది, అతను ఒక్క దెబ్బకు కొట్టాడు!”

“చదివింది నేనండీ.”

“అయితే మీ దృష్టి కూడా బాగున్నట్టే. సంతోషం. రికార్డు సవరించాలంటే మాత్రం ఒక ఫారం ఉండాలి.”

చక్రధరరావు గారి గదికి వెళ్ళేసరికి ఆయన లేచి నిలబడి నా చెయ్యి పట్టుకున్నారు. “మూడు సెకన్లా! పాత పద్ధతిలో పదిహేడో నంబరు తేలడానికి పదకొండు రోజులు పట్టేదయ్యా!”

“తిరస్కరించిందండీ.”

“తిరస్కారం పరిష్కారం కాదా? విశ్వకర్మ పూజ రోజున నీకు సన్మానం చేస్తున్నాం. శాలువా ఎవరితో కప్పించాలో కూడా ఆలోచించాను. తొలి వినియోగదారుడితో!”

అక్కడే నిజం చెప్పి, సన్మానం వద్దనాల్సింది. కానీ శాలువా అన్న మాట వినగానే నా నోరు మూతపడింది. పెళ్ళిలో తప్ప నాకు ఎవరూ ఏమీ కప్పలేదు. ఇంటికి పోయి, ఇస్త్రీ చేసిన చొక్కాల్లో ఏది వేసుకోవాలా అని నా భార్యతో చర్చించాను. సిగ్గులేనితనానికి కూడా ఫారం ఉంటే మూడు ప్రతులూ నేనే నింపేవాణ్ణి.

పూజ దూలాల షెడ్డులోనే చేశారు. సుత్తుల దగ్గర్నుంచి వెల్డింగ్ యంత్రాల దాకా అన్నిటికీ బొట్లు పెట్టారు. క్రేను కింద వేదిక కట్టారు. ఉక్కగా ఉందని నా గదిలోని నిలువు ఫ్యాను తెచ్చి నా పక్కనే పెట్టి, పూజ రోజు కదాని దానికీ బొట్టు పెట్టి ఒక దండ వేశారు. నాకూ బొట్టు పెట్టి ఒక దండ వేశారు.

చక్రధరరావు గారు పరివర్తన గురించి నలభై నిమిషాలు మాట్లాడారు. తర్వాత గవరయ్యను పిలిచారు. కుంకుమరంగు శాలువా రెండు చేతులా పట్టుకుని మెట్లెక్కాడు. నేను మెడ వంచి వినయంగా నిలబడ్డాను. గవరయ్య నా ముందుకు వచ్చాడు. ఒక్క క్షణం ఆగాడు. రెండడుగులు పక్కకు వేసి, శాలువా ఫ్యాను భుజాల మీద కప్పి, దానికి చేతులెత్తి నమస్కారం చేశాడు.

ఫ్యాను శాలువాను లోపలికి లాక్కుని, రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఆరువందల మంది ఒక్కసారిగా నవ్వారు. నేను వంచిన మెడ ఎత్తలేదు. కాసేపటికి ముందు వరసలో నవ్వు ఆగింది. క్రేను కింద పనిచేసే పన్నెండు మందీ అక్కడే కూర్చున్నారు. వాళ్ళు తలెత్తి పైన వేలాడుతున్న కొక్కేన్ని చూస్తున్నారు.

“ఏమయ్యా, ఇతనికి కళ్ళు కనబడవా?” అన్నారు చక్రధరరావు గారు మైకులో.

“కనబడవు సార్,” దాలినాయుడు లేచాడు. “ఐదు నెల్లనించి అదే మొర్రో అంటన్నాం.”

“మరి క్రేను ఎవరు నడుపుతున్నారు?”

“ఈడే సార్. పొద్దున్న మీ స్టేజీ సామాను పైనించి దింపింది కూడా ఈడే.”

చక్రధరరావు గారు పైకి చూశారు. కొక్కెం సరిగ్గా ఆయన నెత్తిమీద ఉంది. నాలుగడుగులు పక్కకు జరిగారు. “ఇప్పణ్ణుంచి ఇతను క్రేను ఎక్కకూడదు! వెంటనే కింద పనికి వెయ్యండి! ఇది నా మాట!” అన్నారు. ఫారం లేదు, ప్రతులు లేవు. ఆరువందల మంది సాక్షిగా వచ్చిన నోటిమాట. దాలినాయుడు జేబులోంచి సుద్దముక్క తీసి, అప్పుడే డ్యూటీ బోర్డు దగ్గరకు నడిచాడు.

పులిహోర పంచుతున్న చోట గవరయ్య నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఆకులో జీడిపప్పు ఏరుకుంటూ మెల్లగా అన్నాడు.

“ఏటీ అనుకోకండి బాబూ. లోతు తెల్దు గానీ, కుడికన్నుకి మనిసేదో ఫేనేదో తెల్దా?”

నేను ఆకు పక్కన పెట్టాను. “మరి, తెలిసే కప్పావా?”

“మీ ఫారం మూడుసార్లు నింపినాను కద బాబూ, కాదంది. ఇదొక్కటీ నాకొచ్చినట్టు నింపినాను.” జీడిపప్పు నోట్లో వేసుకుని, “అయినా నాయంగా సెప్పండి. ఐదు నెల్లు మీ గదికొత్తే నాకు సల్లగా గాలిచ్చింది ఎవులు? మీరా, ఆ ఫేనా?”

నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం నిజంగా సిగ్గేసింది. ఆ పన్నెండు మంది నా ఎదురుగానే కూర్చుని తింటున్నారు. వాళ్ళ పేర్లలో నాకు ఒక్కటీ తెలియదు.

గవరయ్యకు నవంబరులో ఆపరేషన్ అయింది. ఇప్పుడు షెడ్డులో గుర్తులు వేసే పని చేస్తున్నాడు. ఇక్కడితో కథ అయిపోవాలి. మా కంపెనీలో అలా అయిపోవు. పూజ అయిన పది రోజులకే కొత్త సర్క్యులర్ వచ్చింది.

“కంటి కారణముతో పని మార్పు కోరు ఉద్యోగులు ఇకమీదట సంఘము సమక్షమున ఒక అధికారికిని, ఒక ఫ్యానునకును ఎదుట నిలిచి శాలువా కప్పవలెను. ఫ్యానునకు కప్పినచో మంజూరు. అధికారికి కప్పినచో తిరస్కృతి. శాలువా కొరకు డెబ్బై అయిదవ నంబరు ఫారము సమర్పించవలెను.”

అధికారి స్థానంలో నిలబడే బాధ్యత నాకిచ్చారు. అనుభవం ఉందని. డెబ్బై అయిదో నంబరు ఎలా తయారు చేయాలో ఎంచుకోవడానికి మళ్ళీ సంఘం వేశారు. పద్మనాభం గారు అప్పుడే కాఫీ తోట ఎత్తుకున్నారు.

మొన్న సోమవారం గ్యాస్ కటింగ్ చేసే ఎర్రినాయుడు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. రెండు కళ్ళూ ఎర్రగా ఉన్నాయి, నీళ్ళు కారుతున్నాయి. మంట చూసి చూసి దెబ్బతిన్నాయట.

“బాబూ, సేలువా ఫారం వొచ్చినాదా?”

‘ఒక్క వారం’ అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. మింగేసి సొరుగు లాగాను. ఫ్యాను రెక్కల్లోంచి విడదీసిన కుంకుమరంగు శాలువా అందులోనే ఉంది. అంచు చిరిగింది గానీ, కప్పడానికి పనికొస్తుంది. మడతపెట్టి ఎర్రినాయుడి చేతిలో పెట్టాను.

“ఫ్యాను నాకు కుడిపక్కన ఉంటుంది. తికమకపడి నాకు కప్పేవు సుమా!” అన్నాను.